బెంగాల్‌లో బోరు నీళ్లు: ఆర్సెనిక్ ఉందో లేదో తెలిసేదెలా?

ప్రశ్న: బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాకి వచ్చి మూడు వారాలైంది. అద్దింట్లో బోరు నీళ్లే. తేటగా, తియ్యగా ఉన్నాయి. టీడీఎస్ మీటరు 280 చూపించింది. ఆఫీసులో మాత్రం అందరూ ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది, తాగొద్దంటున్నారు. కాచి తాగితే సరిపోదా? నాలుగేళ్ల పాప ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మా నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లకి పటిక, సున్నం వేసేవాళ్లండీ. అది పనికొస్తుందేమో చూడండి.

జవాబు: అన్నా, ఆ కొలతలు ఫ్లోరైడ్‌కి కుదిర్చినవి, ఇక్కడ వాటిని నమ్ముకోవద్దు. నేను ఈ బెంగాల్‌లోనే మాల్దా జిల్లాలో ఆరేళ్లున్నాను. ఆర్సెనిక్‌కి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. కాస్తే నీళ్లు ఆవిరవుతాయి, అది మాత్రం గిన్నెలోనే ఉండిపోతుంది. ఇక మీ మీటరు సంగతి. అది చూపించింది లీటరుకి 280 మిల్లీగ్రాముల లవణాలు. ఆర్సెనిక్‌కి హద్దు 0.01 మిల్లీగ్రాము. అంత చిన్నది ఆ మీటరుకి ఎక్కడ ఆనుతుంది?

ఇది ఫ్యాక్టరీలు కలిపింది కాదు, నదులు తెచ్చిన ఒండ్రుమట్టిలోనే ఉంది. పక్కింటి బోరు బాగుందని మీది బాగుంటుందని లేదు. సాధారణంగా లోతు తక్కువ బోర్లతోనే తంటా. ప్రభుత్వ నీటి ల్యాబ్‌లో ఆర్సెనిక్ అని చెప్పి మరీ పరీక్ష చేయించండి. పంపు కాసేపు వదిలాక, వాళ్లు చెప్పిన సీసాలో పట్టండి.

మూడు వారాలకే కంగారు పడకండి. ఏళ్ల తరబడి తాగినవాళ్లకి ఒంటిమీద చినుకులు రాలినట్టు మచ్చలొస్తాయి, అరచేతులు, అరికాళ్లు గట్టిపడి గరుకు తేలతాయి. ఇంకా ముదిరితే చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం క్యాన్సర్ల దాకా వెళ్తుంది. అంటురోగం మాత్రం కాదు. ఆ మచ్చలు చూసి పెళ్లి సంబంధాలు వెనక్కి పోవడం నాకు తెలుసు, పాపం.

ప్రశ్న: ఆర్వో పెట్టిస్తే? స్నానం సంగతేంటి?

జవాబు: స్నానానికి, బట్టలకి పర్వాలేదు, చర్మంలోంచి లోపలికి పోయేది చాలా తక్కువ. ఆర్వో చాలావరకు తీసేస్తుంది, కానీ ఆర్సెనిక్‌లో ఒక రకం సులువుగా చిక్కదు. అందుకే ఫిల్టరులోంచి వచ్చిన నీళ్లని కూడా పరీక్షకివ్వాలి. అన్నం, పప్పు సంగతి చాలామంది మర్చిపోతారు. బియ్యం ఉడికేటప్పుడు ఆ నీళ్లనే పీల్చుకుంటాయి కదా.

ప్రశ్న: ఓనర్‌ని అడిగాను, బోరు 120 అడుగులేనట. రేపు ఆఫీసుకి వెళ్తూ ల్యాబ్‌లో సీసా ఇచ్చేస్తాను. పొద్దున నానబెట్టిన ఇడ్లీ పప్పు పారబోసి మళ్లీ క్యాన్ నీళ్లతో పోశాను.