పాత కనూ కొన్నాం, ఏ మోడలో ఎలా తెలుస్తుంది?

కొల్లేటి_కొంగ:
నమస్కారం అందరికీ. మేం మిన్నియాపాలిస్ దగ్గర ఉంటాం. పోయిన శనివారం పక్క వీధిలో గరాజ్ సేల్ పెడితే వెళ్ళి ఒక పాత కనూ (తెడ్లతో నడిపే సన్నటి, తేలికపాటి పడవ) తెచ్చుకున్నాం, 250 డాలర్లు, రెండు తెడ్లు కూడా ఇచ్చేశారు. అమ్మినాయన అది వాళ్ళ మామగారిదని, 1995 నాటిదని చెప్పాడు, అంతకుమించి ఆయనకేమీ తెలీదు. కంపెనీ పేరు గానీ స్టిక్కర్ గానీ ఎక్కడా లేదు. బయటంతా ఎవరో బ్రష్‌తో మందంగా ముదురాకుపచ్చ పెయింట్ వేసేశారు. అల్యూమినియం కాదు, ప్లాస్టిక్ లాంటిదే, లోపల బూడిద రంగు. సీట్లు చెక్క ఫ్రేములో పేముతో అల్లినవి. మధ్యలో భుజాల మీద ఎత్తుకోవడానికి మన కాడి లాంటి అడ్డకర్ర ఉంది.

మోడల్ ఎందుకంటే, ఇక్కడ 10 అడుగులు దాటితే తెడ్డుతో నడిచే పడవకైనా రిజిస్ట్రేషన్ చేయించాలి, ఫారంలో కంపెనీ, సంవత్సరం, పొడవు అన్నీ అడుగుతున్నారు. ఇంకో కారణం మా నాన్నగారు. కైకలూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు, చిన్నప్పుడు కొల్లేట్లో తాటిదోనె నడిపిన మనిషి. ఇది గరాజ్‌లోకి వచ్చినప్పటి నుంచి దాని చుట్టూనే తిరుగుతున్నారు. "పేరూ ఊరూ తెలీని పడవలో పిల్లల్ని ఎలా ఎక్కిస్తావురా" అని ఆయన అన్నాక నాకూ టెన్షన్ పట్టుకుంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

లేక్‌సైడ్_రవి:
ఆకుపచ్చ ప్లాస్టిక్ అంటున్నారు కాబట్టి ఓల్డ్ టౌన్ కంపెనీ డిస్కవరీ మోడల్ అయ్యుంటుంది బ్రో. మాది అచ్చం అలాగే ఉంటుంది.

మెయిన్_నుంచి_మూర్తి:
రవి గారూ, ఆ ఆకుపచ్చ తర్వాత ఎవరో వేసిన పెయింట్ కదండీ, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. రంగు, స్టిక్కర్, అమ్మినవాళ్ళ మాట, ఈ మూడూ పక్కన పెట్టి ముందు నంబర్ వెతకాలి. 1972 నవంబర్ 1 తర్వాత అమెరికాలో తయారైన ప్రతి పడవకీ అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే హల్ నంబర్ (పడవ ఒంటి మీద వేసే గుర్తింపు నంబర్) ఉండి తీరాలి, కనూకి కూడా. ఉండే చోటు కూడా రూల్ ప్రకారమే, వెనక కొన నుంచి ఒక అడుగు దూరంలోపు, కుడివైపు, పైఅంచుకి రెండు అంగుళాల లోపల. కనూకి రెండు కొనలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది వెనకో తెలియాలంటే సీట్లు చూడండి. ముందు కూర్చునేవాళ్ళకి కాళ్ళు చాపుకోవడానికి చోటు కావాలి, అందుకని ఆ సీటు కొనకి దూరంగా ఉంటుంది. కొనకి బాగా దగ్గరగా ఉన్న సీటే వెనకది.

పెయింట్ కింద నంబర్ కనపడకపోతే గీకకండి. అసిటోన్, పెయింట్ రిమూవర్ లాంటివి అసలే వద్దు, మీది నేననుకుంటున్న రకమే అయితే దాని ప్లాస్టిక్ కరిగిపోతుంది. పల్చటి తెల్ల కాగితం అక్కడ అంటించి పెన్సిల్ పక్కకి వాల్చి మెల్లగా రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దేవాళ్ళం చూడండి, అలాగే.

కొల్లేటి_కొంగ:
మూర్తి గారూ, దొరికింది! లైటు ఆర్పేసి ఫోన్ టార్చ్ పక్కనుంచి వాల్చి కొడితే పెయింట్ మీద సన్నటి గుంటలు కనిపించాయి. నాన్నగారు కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నారు, నేను రుద్దాను. మొదటిసారి మరీ గట్టిగా రుద్దడంతో అంతా నల్లగా అలికేసినట్టు వచ్చింది. రెండోసారి మెల్లగా రుద్దితే ఒక్కొక్క అక్షరం తెల్లగా తేలింది. మొదట ఎక్స్‌టీసీ, తర్వాత ఐదు అంకెలు (అవి ఇక్కడ పెట్టడం లేదు), చివర ఎం79ఎఫ్. 79 అంటే 1979 అనుకోవాలా? మరి ఆయన 1995 అన్నాడే.

మెయిన్_నుంచి_మూర్తి:
మొదటి మూడక్షరాలు కంపెనీ కోడ్. ఎక్స్‌టీసీ అంటే ఓల్డ్ టౌన్, మా మెయిన్ రాష్ట్రంలో ఆ పేరుతోనే ఉన్న ఊళ్ళో తయారయ్యేవి. తొమ్మిదో స్థానంలో ఎం ఉందంటే అది 1984కి ముందు వాడిన పాత పద్ధతి. దాని తర్వాతి రెండంకెలు మోడల్ సంవత్సరం, చివరి అక్షరం నెల. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, మోడల్ సంవత్సరం ఆగస్టులో మొదలవుతుంది, కాబట్టి ఏ అంటే ఆగస్టు, బి సెప్టెంబర్, అలా లెక్కేసుకుంటూ వస్తే ఎఫ్ జనవరి. మీది 1979 జనవరిలో పుట్టిన పడవ. వాళ్ళ మామగారు కూడా 1995లో సెకండ్‌హ్యాండ్‌లోనే కొని ఉంటారు.

డిస్కవరీలు వచ్చింది 1980లలో కాబట్టి అది కాదు. పైగా డిస్కవరీకి పేరులోనే పొడవు ఉంటుంది, 158 అంటే 15 అడుగుల 8 అంగుళాలు, 174 అంటే 17 అడుగుల 4. ఇప్పుడు టేపు తీసి మూడు కొలతలు చెప్పండి: కొన నుంచి కొనకి పొడవు, అన్నిటికన్నా వెడల్పైన చోట వెడల్పు, మధ్యలో లోతు. లోతుకి పైఅంచుల మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి దాని కింది నుంచి అడుగు దాకా కొలవండి. అలాగే గీత పడ్డ చోట దగ్గరగా చూసి, పైపొర కింద ఇంకో రంగు పొర ఉందేమో చెప్పండి.

సుజాత_మిషిగన్:
మధ్యలో ఒక మాట, తర్వాత ఈ ప్రశ్నతో వచ్చేవాళ్ళకి పనికొస్తుందని. లోపల అడుగున ముందు నుంచి వెనక దాకా అల్యూమినియం గొట్టం ఉండి, సీట్లు ప్లాస్టిక్ అచ్చులో పోసినవైతే చాలావరకు అది కోల్‌మన్ కంపెనీ రామ్-ఎక్స్ కనూ. అల్యూమినియందై, రెండు సగాలు అడుగున రివెట్లతో కలిపి ఉంటే గ్రమ్మన్ అయ్యే అవకాశం ఎక్కువ, మా ఇంట్లో ఉన్నది అదే. రెండో ప్రపంచ యుద్ధంలో హెల్‌క్యాట్ విమానాలు చేసిన కంపెనీ, యుద్ధం అయిపోగానే అదే అల్యూమినియం పనితనంతో కనూలు మొదలుపెట్టింది. మావారు ప్రతి వసంతంలో ఆ రివెట్లు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూస్తేగానీ నీళ్ళలోకి దింపనివ్వరు.

కొల్లేటి_కొంగ:
పొడవు 17 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 37 అంగుళాలు, లోతు 15 అంగుళాలు. రాయికి గీసుకున్న చోట పెయింట్ కింద ఎర్ర పొర, దాని కింద ఇంకో రంగు ఉన్నాయి. అంటే మొదట ఇది ఎర్ర పడవే! బాత్రూం త్రాసు మీద నేను పడవ ఎత్తుకుని నిలబడి నా బరువు తీసేస్తే 84 పౌండ్లు వచ్చింది.

ఇంకొకటి, నాన్నగారు తాటిదోనెని చూసే పద్ధతిలో అడుగంతా వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్ళారు. వెనక సీటు కింద అరచేయంత చోట చప్పుడు బోలుగా వస్తోంది, బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి వెళ్ళి మళ్ళీ పైకొస్తోంది. ప్రమాదమా?

మెయిన్_నుంచి_మూర్తి:
ఓల్డ్ టౌన్ ట్రిప్పర్. నాకింక అనుమానం లేదు. 17 అడుగుల 2, వెడల్పు 37, లోతు 15, ఇవి ట్రిప్పర్ కొలతలే. దాని బరువు సుమారు 80 పౌండ్లు, మిగతాది మీ ఆకుపచ్చ పెయింట్ అనుకోండి. రాయలెక్స్ అనే పదార్థంతో చేసేవారు, మధ్యలో నురుగు లాంటి పొర, దానికి రెండువైపులా గట్టి ప్లాస్టిక్, పైన వినైల్. ఓల్డ్ టౌన్ వాళ్ళు దాన్నే ఓల్టోనార్ అనేవారు, పాత కాగితాల్లో ఆ పేరు కనిపిస్తే తికమక పడకండి. రాయలెక్స్ తయారీ 2014లో ఆగిపోయింది, కాబట్టి 250కి మంచి బేరమే దొరికింది మీకు.

నాన్నగారు పట్టుకున్నది నిజమైన లోపమే. అక్కడ పైపొర నుంచి నురుగు పొర ఊడి ఉంటుంది. అరచేయంతే కాబట్టి పడవ పనికిరాకుండా పోదు. కానీ నీళ్ళలోకి దింపేముందు అక్కడ పైపొర పగిలిందేమో చూడండి, పగుళ్ళుంటే ప్లాస్టిక్‌కి పట్టే ఎపాక్సీ జిగురుతో మూసేయండి, లేకపోతే అలాగే వదిలేసి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి, సీజన్ అయ్యాక గీత దాటిందో లేదో తెలుస్తుంది. ఎండలో మాత్రం ఉంచకండి, వినైల్ పాడైపోతుంది.

కొల్లేటి_కొంగ:
గీత గీసేశాం, తారీఖు కూడా నాన్నగారే వేశారు. పగుళ్ళు లేవు. ఫారంలో ఓల్డ్ టౌన్, 1979, 17 అడుగులు అని రాసి పంపించాను. ఆదివారం ఇంటి దగ్గరి చెరువులో ముందు ఆయనా నేనూ ఇద్దరమే వెళ్తాం, వెనక సీటు ఆయనదే.