ఒలింపిక్ స్వర్ణ పతకాన్ని అచ్చ బంగారంతో చేయాలా, వద్దా?

గాలివాటం:
ఒలింపిక్స్‌లో ఫస్ట్ వచ్చినవాళ్ల మెడలో వేసే పతకంలో బంగారం ఎంతో చూడండి. నిబంధన ప్రకారం కనీసం 6 గ్రాముల పూత ఉంటే చాలు. లోపలిదంతా వెండి, దానికి 92.5 శాతం స్వచ్ఛత ఉండాలి. 2024 పారిస్ స్వర్ణం బరువు 529 గ్రాములు. అందులో బంగారం 6 గ్రాములు, ఐఫిల్ టవర్ నుంచి తీసిన ఇనుము 18 గ్రాములు. అంటే బంగారం కంటే ఇనుమే మూడింతలు ఎక్కువ! ప్రసార హక్కులు వందల కోట్ల డాలర్లకు అమ్ముకునేవాళ్లకి విజేత దగ్గరే పొదుపు గుర్తొచ్చిందా? 1912 స్టాక్‌హోమ్‌లో అచ్చ బంగారమే ఇచ్చారు. ఇప్పుడెందుకు ఇవ్వరు?

లెక్కలపిచ్చి:
1912 పతకం సైజు కూడా చెప్పాలి కదండీ. అడ్డం 33 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 24 గ్రాములు. పారిస్‌ది 85 మిల్లీమీటర్లు, మందం 9.2. బంగారం సాంద్రత వెండికి దాదాపు రెట్టింపు కాబట్టి, ఇదే సైజులో అచ్చ బంగారంతో పోతపోస్తే కిలోకి దగ్గర పడుతుంది. పారిస్ క్రీడల నాటి ధరల్లో ఒక్కోదానికి 70 వేల డాలర్లు దాటుతుంది. అసలు పతకంలో ఉన్న లోహం విలువ 900 డాలర్ల పైచిలుకు, అందులో సగం ఆ 6 గ్రాముల బంగారానిదే. పారిస్‌లో 329 పోటీలు జరిగాయి. హాకీ, ఫుట్‌బాల్ లాంటి జట్టు ఆటల్లో ఆటగాడికొకటి ఇవ్వాలి. మీరే గుణించుకోండి.

పాతసంచిక:
చరిత్రలోకి వెళ్తే అచ్చ బంగారం రోజులు చాలా తక్కువ. 1896 ఏథెన్స్‌లో విజేతలకు ఇచ్చింది వెండి పతకం. 1900 పారిస్‌లో చాలామందికి కప్పులతో సరిపెట్టారు. 1904, 1908, 1912, ఈ మూడింటితో అచ్చ బంగారం కథ ముగిసింది. కాబట్టి ‘పూర్వం బాగా ఇచ్చేవారు’ అనే మాటకి పెద్దగా బలం లేదు.
ఇంకో విషయం, కిలో బంగారం ఇంట్లో పెట్టుకుంటే ఆ క్రీడాకారుడికి నిద్ర పడుతుందా? దొంగ చేతిలో పడిందంటే కరిగించి అమ్మేస్తాడు.

గాలివాటం:
దొంగకి అచ్చ బంగారమే కావాలా ఏంటి? ఫుట్‌బాల్ ప్రపంచకప్ పాత ట్రోఫీ, జూల్ రిమే పేరు మీద ఉన్నది, బంగారు పూత వేసిన వెండిదే. 1983లో రియోలో ఎత్తుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు. కరిగించేశారనే అంటారు. పూత ఉన్నా పోయేది పోతుంది.

నిమ్మళం:
మీరంతా లోహం దగ్గరే ఆగిపోయారు. బెర్లిన్ 1936లో అమెరికా అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ గెలిచిన నాలుగు స్వర్ణాల్లో ఒకటి 2013 వేలంలో 14.6 లక్షల డాలర్లు పలికింది. అదీ పూత పతకమే. బాక్సర్ వ్లాదిమిర్ క్లిచ్‌కో తన 1996 అట్లాంటా స్వర్ణాన్ని 2012లో 10 లక్షల డాలర్లకు అమ్మి పిల్లల కోసం ఇచ్చేశారు. కొన్నవాళ్లు పతకాన్ని తిరిగి ఆయనకే ఇచ్చారు. పోలండ్ జావెలిన్ క్రీడాకారిణి మరియా అంద్రెయ్‌చిక్ టోక్యోలో గెలిచిన రజతాన్ని ఒక పసిబిడ్డ గుండె ఆపరేషన్ కోసం వేలానికి పెడితే, కొన్న కంపెనీ కూడా అలాగే వెనక్కి ఇచ్చింది. ఈ ధరల్లో లోహం వాటా ఎంతని?

చేదునిజం:
నిమ్మళం గారూ, మీరు చెప్పినవన్నీ పేరున్నవాళ్ల కథలు. ఎవరికీ పెద్దగా తెలియని ఆటలో గెలిచి, మర్నాడే జనం మర్చిపోయినవాళ్ల పతకానికి లక్షల డాలర్లు ఎవరిస్తారు? వాళ్లకి లోహం విలువే గ్యారంటీ. అయితే దానికి బంగారం ఎందుకు, నేరుగా డబ్బే ఇవ్వొచ్చు. పారిస్‌లో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య తన విభాగంలో ప్రతి స్వర్ణ విజేతకూ 50 వేల డాలర్లు ఇచ్చింది. ఒలింపిక్ స్ఫూర్తికి విరుద్ధమని కొన్ని సమాఖ్యలు గొడవ చేశాయి. ఆ స్ఫూర్తితో అద్దె కట్టలేం కదా.

లెక్కలపిచ్చి:
దీనికి నా ఓటు. కాంస్యం సంగతి ఎవరూ ఎత్తలేదు, గమనించారా? టోక్యో కాంస్యం 450 గ్రాములు, 95 శాతం రాగి, 5 శాతం జింక్. లోహం విలువ కొద్ది డాలర్లే. ఆ టోక్యో పతకాలన్నిటికీ లోహం పాత ఎలక్ట్రానిక్ సామాన్ల నుంచే తీశారు. దాదాపు 79 వేల టన్నుల సామాను, అందులో 62 లక్షల ఫోన్లు. అంతా కరిగిస్తే వచ్చిన బంగారం సుమారు 32 కిలోలు. అచ్చ బంగారంతో చేసుంటే అది ముప్పై చిల్లర పతకాలతో అయిపోయేది.

పాతసంచిక:
కాంస్యం మాటెత్తారు కాబట్టి చెప్తున్నా, అసలు సిగ్గుపడాల్సింది అక్కడ. పారిస్‌లో ఇచ్చిన కాంస్యాలు కొన్ని రోజుల్లోనే రంగు వెలిశాయి. స్కేట్‌బోర్డర్ నైజా హ్యూస్టన్ తన పతకం ఫొటో పెట్టి మరీ చూపించాడు. పాడైనవాటికి బదులు కొత్తవి ఇస్తామని ఫ్రాన్స్ టంకశాల ఒప్పుకుంది. బంగారం 6 గ్రాములా 60 గ్రాములా అన్నది తర్వాత, ముందు ఇచ్చింది నాలుగు కాలాలు నిలవాలి.
(ఫొటోగ్రాఫర్లు పతకాన్ని కొరకమంటారు చూడండి, 2010 శీతాకాల క్రీడల్లో జర్మన్ ల్యూజ్ (మంచు బాట మీద చిన్న బండిపై పడుకుని జారే ఆట) ఆటగాడు డేవిడ్ మోలర్‌కి అలా రజతం కొరికి పన్ను విరిగింది. గట్టిదనంలో లోటు లేదు మరి!)

గాలివాటం:
సరే, కిలో వద్దు. స్టాక్‌హోమ్ సైజే ఇవ్వండి. 24 గ్రాముల అచ్చ బంగారం, మీ ధరల్లోనే 1,850 డాలర్లు. ఇప్పటి పూత పతకానికి రెట్టింపు, అంతే. ఇది కూడా భారమేనా?

లెక్కలపిచ్చి:
డబ్బు పరంగా భారం కాదు, ఒప్పుకుంటా. కానీ 1912లో పతకం మెడలో వేసే పద్ధతి లేదు, చేతికిచ్చేవారు. మెడలో వేయడం 1960 రోమ్ నుంచి. 33 మిల్లీమీటర్ల బిళ్ల పోడియం మీద టీవీలో అసలు కనబడుతుందా?

గాలివాటం:
కనబడకపోతే కెమెరాని దగ్గరికి తీసుకెళ్లమనండి. హక్కులకి అన్ని కోట్లు పోసినవాళ్లు అంత మాత్రం చేయలేరా?