బండ, నాపరాయి, గ్రానైట్: ఏది ఏ రాయి?

ప్రశ్న: ఒక అనువాద వ్యాసంలో గ్రానైట్‌కు "నాపరాయి" అని రాశారు. సరైనదేనా? మా ఇంట్లో నేల మీద పరిచినవీ బండలే, ఊరి బయట గుట్ట మీద ఉన్నదీ బండే. రెండూ ఒకటేనేమో అనిపిస్తోంది.

జవాబు: ఒకటి కాదండీ. ఆ అనువాదం తప్పు. "బండ" రాతి జాతిని చెప్పే మాట కాదు, ఆకారాన్ని చెప్పే మాట. వెడల్పుగా, చదునుగా ఉంటే చాలు, ఏ రాయైనా బండే. అందుకే హైదరాబాదు చుట్టుపక్కల గుట్టల మీది గ్రానైటూ బండ అయింది, తాండూరు నుంచి లారీల్లో వచ్చే సున్నపురాయీ బండ అయింది.

నాపరాయి అలా కాదు. పొరలుగా విడివడే రాయికే ఆ పేరు. బేతంచర్ల వైపు గనిలో చూడాలి: పొర అంచున గడ్డపార మొన దూర్చి నెమ్మదిగా ఎత్తితే, మనిషి పొడవు పలక ఒక్కటిగా లేచి వస్తుంది. ఈ గుణం దాని పుట్టుకలోనే ఉంది. ఎప్పుడో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని, పై బరువుకు నలిగి రాయి అయింది.

గ్రానైట్ పుట్టుక దీనికి పూర్తిగా వేరు. భూమి లోపల కిలోమీటర్ల లోతున కరిగి ఉన్న రాయి చాలా నిదానంగా చల్లారి గడ్డకట్టింది. ఆ నిదానం వల్లనే దాని గింజలు కంటికి కనిపించేంత పెరిగాయి. విరిగిన ముక్కను ఎండలో తిప్పి చూడండి: గులాబీ రంగుదో తెల్లదో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, గాజులా మెరిసే పలుగురాయి, నల్లని అభ్రకం రేకులు. హైదరాబాదు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇందులో పొరలే లేవు, ఇక నాపరాయి ఎలా అవుతుంది?

అనుమానం ఉంటే నిమ్మరసం తేల్చేస్తుంది. మా వంటింటి గట్టు కడప రాయి, అంటే నల్లని నాపరాయే. ఒక రాత్రి నిమ్మచెక్క దాని మీద మరిచిపోయాను. తెల్లారేసరికి నున్నని నలుపు మీద బూడిదరంగు గుండ్రని మచ్చ, ఎంత తోమినా పోలేదు. పులుపు సున్నాన్ని తినేస్తుంది. గ్రానైట్ మీద అలా జరగదు.

మరో సభ్యురాలు: రంగును బట్టి "నల్లరాయి" అంటే సరిపోదా అండీ? చీమకుర్తి రాయి కూడా నల్లగానే ఉంటుంది కదా.

జవాబు: సరిపోదండీ. కడప రాయీ నల్లనే, చీమకుర్తి రాయీ నల్లనే. పైగా చీమకుర్తి రాయిని వ్యాపారులు గ్రానైట్ అంటారు కానీ, భూవిజ్ఞానం ప్రకారం అది గాబ్రో జాతిది. అదీ కరిగి చల్లారిన రాయే, కానీ అందులో పలుగురాయి దాదాపు ఉండదు. అందులో మెరిసే బంగారు చుక్కలు పైరాక్సీన్ అనే ఖనిజానివి. గ్రానైట్‌ను గ్రానైట్ అనే రాయాలని నా అభిప్రాయం. ఆ మాట మన నోళ్లలో ఎప్పుడో స్థిరపడింది. నాపరాయి వంటి కచ్చితమైన మాటను తెచ్చి దానికి తగిలిస్తే, రేపు అసలు నాపరాయికి పేరు లేకుండా పోతుంది.

ఇంకొక సభ్యుడు: ఆకారం సంగతి నిజమేనండీ. మా ఊళ్లో పొలాల చుట్టూ నాపరాళ్లను నిలువుగా పాతి కంచె కడతారు. అవే రాళ్లను ఇంట్లో పరిస్తే బండలంటాం. పాతినవాటిని మాత్రం బండలని ఎవరూ అనరు, రాళ్లనే అంటారు.