నిమ్మతొనలు ఇంట్లో చేయాలంటే: పాకం, పులుపు, పంచదార పూత

సీసామూత
కిరాణా కొట్లలో గాజు సీసాలో పెట్టి విడిగా అమ్మే నిమ్మతొనలు మా వైపు ఇప్పుడు దొరకట్లేదు. తొన ఆకారంలో, పైన పంచదార అద్ది, పసుపు, నారింజ రంగుల్లో ఉండే గట్టి బిళ్ళలు. ఇంట్లో చేస్తే రుచి దగ్గర దగ్గరగా వస్తోంది గానీ మర్నాటికి బంకలా సాగి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. పంచదార 300 గ్రాములు, కప్పు నీళ్ళు, నాలుగు నిమ్మకాయల రసం అన్నీ కలిపి పొయ్యి మీద పెడుతున్నాను. థర్మామీటర్ లేదు. తేడా ఎక్కడ?

పాకంపిచ్చి
తేడా నిమ్మరసంలో ఉందండీ. పులుపు వేసి కాస్తే పంచదార విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. కొద్దిగా విడిపోతే మంచిదే, పాకం పలుకులు కట్టదు. నాలుగు కాయల రసం పోస్తే మాత్రం మితిమీరి విడిపోతుంది. ఫ్రక్టోజ్‌కి గాల్లో తేమ లాగే గుణం బాగా ఎక్కువ, రంగు కూడా తొందరగా ఎర్రబడుతుంది.

పోనీ రసం చివర్లో పోద్దామా అంటే అదీ కుదరదు. గట్టి బిళ్ళలో తేమ 2 శాతం దాటకూడదు. 400 గ్రాముల పాకంలో రెండు చెంచాల రసం పడితే, అంటే 10 మి.లీ., ఆ తేమ రెట్టింపు దాటుతుంది. కాబట్టి పులుపుకి రసం వద్దు, నిమ్మఉప్పే (సిట్రిక్ యాసిడ్) వాడండి. అదీ దించాకే.

నా కొలత: పంచదార 300 గ్రా., లిక్విడ్ గ్లూకోజ్ (తేనెలా చిక్కగా ఉండే గ్లూకోజ్ పాకం) 120 గ్రా., నీళ్ళు 100 మి.లీ., మెత్తగా నూరిన నిమ్మఉప్పు 4 గ్రా., నిమ్మ లేదా నారింజ ఎసెన్స్ పావు చెంచా. దాదాపు 400 గ్రాముల బిళ్ళలు వస్తాయి. గ్లూకోజ్‌ని గిన్నెలో పంచదార మీదే పోసి తూచండి, చెంచాకి అంటుకుని సగం పోయే బాధ ఉండదు.

అత్తిలి_అటుకులు
లిక్విడ్ గ్లూకోజ్ దొరకనివాళ్ళు: 300 గ్రాముల పంచదారకి నీళ్ళతో పాటే అర చెంచా నిమ్మరసం వేయండి, అంతకు మించి వద్దు. మిగతా పులుపంతా దించాక నిమ్మఉప్పుతోనే. ఇలా చేసినవి గ్లూకోజ్‌తో చేసినంత నిలవ ఉండవు, వారంలో తినేయాలి.

నిమ్మతొక్క తురిమి పంచదారలో నలిపి ఆఖర్న కలపమని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు. చేయకండి. కరగని పంచదార పలుకు ఒక్కటి పడ్డా దాన్ని పట్టుకుని పాకమంతా ఇసుకగా మారిపోతుంది. గిన్నె అంచులకి చిమ్మిన పంచదారతో కూడా ఇదే ప్రమాదం. పంచదార కరిగేదాకా కలిపి, పొంగు వచ్చాక గరిటె తీసేయండి. అంచుల్ని తడి బ్రష్‌తో కిందికి తుడవండి.

విశాఖ_వంటగది
థర్మామీటర్ లేకపోతే చన్నీళ్ళ పరీక్షే దిక్కు. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ అయింది అంటే 115 డిగ్రీల దగ్గర ఉన్నట్టు, అది లడ్డూల పని. 125కి ఉండ గట్టిపడి, పళ్ళేనికేసి కొడితే టంగుమంటుంది. అరిసెలకి, చలిమిడికి అలవాటైన చేతులు ఇక్కడే దించేస్తాయి. నిమ్మతొనలకి ఇది చాలదు. 140కి నీళ్ళలో తీగ వంగుతుంది, నమిలితే పళ్ళకి అతుక్కుంటుంది. 150కి తీగ వంగదు, పుటుక్కున విరుగుతుంది. మనకి కావాల్సింది అదే.

కంటికి కూడా తెలుస్తుంది: మొదట్లో చిన్న బుడగలు గబగబా లేస్తాయి, చివరికొచ్చేసరికి దళసరిగా, పెద్దవై, నింపాదిగా పగులుతాయి. 140 దాటాక క్షణాల్లో ఎర్రబడుతుంది కాబట్టి మంట తగ్గించి, 148కే దించండి. గిన్నె వేడికి మిగతా రెండు డిగ్రీలు ఎక్కుతుంది. నల్ల నాన్‌స్టిక్ గిన్నెలో రంగు కనబడదు, దళసరి స్టీలు గిన్నె మేలు.

డెన్వర్_దోసె
థర్మామీటర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ముందు మరుగుతున్న నీళ్ళలో పెట్టి చూడండి. విశాఖలో 100 చూపిస్తుంది, హైదరాబాదు ఎత్తులో 98 దగ్గరే, ఇక్కడ డెన్వర్‌లో 95. ఎంత తక్కువ చూపిస్తే పాకం లెక్కలో అంత తగ్గించాలి. 150 అని రాసిందే పట్టుకుని కూర్చుంటే ఇక్కడ పాకం ఎర్రబడి కారమెల్ వాసన వచ్చేస్తుంది.

పాకంపిచ్చి
దించాక నెయ్యి రాసిన స్టీలు పళ్ళెంలో పోయండి. గాజు పళ్ళెం వద్దు, పగులుతుంది. 120 దగ్గరికి చల్లారాక, అంటే అంచులు గట్టిపడుతూ మధ్యలో ఇంకా జారుతున్నప్పుడు, రంగు, నిమ్మఉప్పు, ఎసెన్స్ వేసి, రేకుతో అంచుల్ని మధ్యకి మడవండి. ఇంకా వేడిగా ఉండగా వేస్తే ఎసెన్స్ ఆవిరైపోతుంది, పులుపు మళ్ళీ పంచదారని విడగొట్టడం మొదలెడుతుంది. మడవడమే, జీళ్ళ పాకంలా లాగకూడదు. లాగితే గాలి చేరి తెల్లబోతాయి.

చేతికి నూలు గ్లవ్స్, వాటి మీద రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. పాకం చర్మానికి అంటుకుంటే విడవదు. పిల్లల్ని ఆ పూట వంటింట్లోకి రానివ్వకండి.

తొన ఆకారానికి సిలికాన్ అచ్చు సులువు. కానీ అచ్చులో పోయాలంటే పాకం పలచగా, వేడిగా ఉండాలి, పులుపు ముందే కలపాల్సి వస్తుంది. అందుకే నాకు చేత్తో చేయడమే ఇష్టం. బొటనవేలంత లావు తీగ చేసి, నూనె రాసిన కత్తెరతో అంగుళం ముక్కలు కోసి, ఒక పక్క నొక్కి ఇంకో పక్క వంచితే చాలు. ఈ పని ముద్ద 80, 70 డిగ్రీల మధ్య ఉండగానే అయిపోవాలి. సగంతో పని చేస్తుండగా మిగతా సగం ముద్దని, సన్నని సెగ మీద పెనం పెట్టి, దాని మీద పళ్ళెంలో ఉంచుకోండి.

గోలీసోడా
పైన పంచదార నిలవట్లేదని ఇంకో చోట ఎవరో అడిగారు. చల్లారిన బిళ్ళ పొడిగా ఉంటుంది, దానికేమీ అంటదు. జల్లెడలో వేసి ఆవిరి మీద రెండు మూడు సెకన్లు చూపించి, వెంటనే పంచదారలో దొర్లించి, ఫ్యాన్ కింద గంట ఆరనివ్వండి. నీళ్ళు చిలకరించడం మాత్రం వద్దు, పైపొర కరిగి జారిపోతుంది. ఆ పంచదారలో నిమ్మఉప్పు కలిపితే నాలిక మీద పెట్టగానే జివ్వుమంటుంది నిజమే గానీ, కోస్తా గాలికి పూటలో చెమ్మగిల్లుతాయి.

కర్నూలు_కిరాణా
మీరంతా గట్టి బిళ్ళ గురించే చెబుతున్నారు. మెత్తగా, జెల్లీగా ఉండేవి కూడా నిమ్మతొనల పేరుతోనే అమ్మేవారు కదా?

అత్తిలి_అటుకులు
అవి వేరే సరుకు, పాకం కూడా వేరు. అగర్ పొడి (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ పొడి) 8 గ్రాములు 300 మి.లీ. నీళ్ళలో నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా మరిగించి, 300 గ్రా. పంచదార, 100 గ్రా. గ్లూకోజ్ వేసి 106 డిగ్రీలకి తేవాలి. నిమ్మఉప్పు 70కి దిగాకే వేయండి. వేడి మీద వేస్తే అగర్ బలం పోయి ముద్ద గట్టిపడదు. ట్రేలో పోసి, గడ్డకట్టాక తొనలు కోసి, రోజంతా ఆరబెట్టి పంచదార అద్దాలి. జెలటిన్‌తోనూ వస్తాయి గానీ శాకాహారులకి పనికిరావు.

విశాఖ_వంటగది
రంగు మాట. మిఠాయిల్లో కృత్రిమ రంగుకి నిబంధనల ప్రకారం పరిమితి కిలోకి 100 మిల్లీగ్రాములు. 400 గ్రాములకి 40 మిల్లీగ్రాములే, అగ్గిపుల్ల మొనకి అంటినంత. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరున్న ఫుడ్ కలర్ ప్యాకెట్టే కొనండి. విడి పొడుల్లో మెటానిల్ యెల్లో అనే బట్టల అద్దకం రంగు కలిసే ప్రమాదం ఉంది, దాన్ని తిండిలో వాడటం నిషేధం. రసాయనం వద్దనుకుంటే రెండు చుక్కల నెయ్యిలో చిటికెడు పసుపు కలిపి వేయండి. పులుపులో పసుపు రంగు మారదు.

సీసామూత
అందరికీ ధన్యవాదాలండీ. బంకగా అయిపోయినవి డబ్బా నిండా ఉన్నాయి. మళ్ళీ కరిగించి 150కి కాస్తే గట్టిపడతాయా?

పాకంపిచ్చి
గట్టిపడవు. విడిపోయిన పంచదార వెనక్కి రాదు, లోపల పులుపు ఉంది కాబట్టి కాచేకొద్దీ ఇంకా విడిపోతుంది. అన్నీ కప్పు వేడి నీళ్ళలో కరిగించి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, షర్బత్‌కి పనికొస్తుంది. కొత్తగా చేసినవి పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో వేసి, సిలికా జెల్ పొట్లం పడేసి మూత బిగించండి. ముసురు పట్టిన రోజు మాత్రం పొయ్యి వెలిగించకండి, చల్లారేలోపే తేమ లాగేస్తాయి.