కట్టగానే వెనక్కి గుంజే గుర్రాన్ని ఎలా కట్టాలి?

నాలుగేళ్ల కాఠియావాడీ జాతి ఆడగుర్రం. కట్టిన కాసేపటికే తల పైకెత్తి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి గుంజుతోంది. తాడు కళ్లానికి కాదు, తలపట్టీకే కడుతున్నాం. కళ్లానికి కడితే గుంజినప్పుడు నోరు, నాలుక కోసుకుపోతాయి. లోతుగా పాతిన రాటకు మూపు ఎత్తులో ఇనుప రింగు ఉంది. తాడు రెండడుగులే వదులుతున్నాం, అంతకన్నా పొడవైతే ముందుకాలు తాడు దాటి చిక్కుకుంటుంది. ముడి కొస లాగితే ఊడేదే.

చిక్కంతా రింగు దగ్గరే. ప్రమాదంలో తెగాలని రింగుకు పురికొస చుట్టు కట్టి, తాడును దానికి వేస్తున్నాం. ఒక పోగైతే చిన్న కుదుపుకే తెగుతోంది, గుంజితే విడుదల అని గుర్రం నేర్చేసుకుంటోంది. నైలాన్ తాడు నేరుగా కడితే తెగదు సరే, మెడ కండరాలు, చెవుల వెనక భాగం దెబ్బతింటాయని భయం.

ముడి వేయకుండా తాడును రింగుకు రెండు చుట్లు తిప్పి, గుంజినప్పుడు రాపిడితో నెమ్మదిగా జారేలా కట్టినవాళ్లున్నారా? ఎంత పొడవు, ఎంత మందం నూలుతాడు వాడారు? మిగిలిన కొస కాళ్లకు చుట్టుకోకుండా ఏం చేశారు? పళ్లు, మెడ డాక్టరుకు చూపించాం, నొప్పేమీ లేదన్నారు. కొట్టమనే సలహాలు మాత్రం దయచేసి వద్దు.