చర్చ: అద్దంలో చూసి ముక్కు మీద చుక్క తుడుచుకోని బిడ్డకు, తానూ అమ్మా వేరని తెలియనట్టేనా?

నిద్రగన్నేరు (మారతహళ్లి, బెంగళూరు):
ఇక్కడ ఒక క్రెష్‌లో 18 నెలల పిల్లలకు ముక్కు మీద కుంకుమ పెట్టి అద్దం ముందు నిలబెడుతున్నారు. తన ముక్కు తడుముకుంటే సరే. అద్దాన్ని తడిమితే మాత్రం "అమ్మకు అతుక్కుపోయింది, తాను వేరని ఇంకా తెలీదు, రాత్రిళ్లు వేరే గదిలో పడుకోబెట్టండి" అని తల్లులకు చెబుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, ఇందులో నిజమెంత?

కొలబద్ద:
పరీక్ష ఉత్తుత్తిది కాదు. 1970లో మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ గాలప్ చింపాంజీల మీద చేశాడు. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ 3 నుంచి 24 నెలల పిల్లలు 88 మందిని అద్దం ముందు కూర్చోబెట్టింది. ఏడాది లోపు పిల్లలు అద్దంలో బిడ్డను ఆటకు పిలుస్తారు. తర్వాత కొన్నాళ్లు చూసి సిగ్గుపడతారు, మొహం తిప్పుకుంటారు. 20 నెలలు దాటాక ఎక్కువమంది చెయ్యి తమ ముక్కు మీదకే పోతుంది. కొలత కొలతే.

ఉగ్గుగిన్నె:
ఆ కొలత ఎలా తీస్తారో కూడా చెప్పాలి కదండీ. ముందు చుక్క లేకుండా అద్దం చూపించి, ముక్కు ఎన్నిసార్లు ముట్టుకుందో లెక్కపెట్టుకోవాలి. తర్వాత ముక్కు తుడుస్తున్నట్టే తుడుస్తూ, గుడ్డకున్న రంగు అంటించాలి. పెట్టిన సంగతి బిడ్డకు తెలియకూడదు. రంగు తడిగా ఉంటే ఆ చల్లదనానికే చెయ్యి పోతుంది, ఇక అద్దంతో పనేముంది? ముందుకంటే ఎక్కువసార్లు ముట్టుకుంటేనే లెక్కలోకి వస్తుంది. బిడ్డ చూస్తుండగా వేలితో కుంకుమ అద్దితే అది పరీక్షే కాదు.

ఇంకోటి. మన పిల్లలకు పురిటిస్నానం నుంచీ నుదుట బొట్టు, బుగ్గన దిష్టిచుక్క, అరికాలిన ఇంకో చుక్క. చెరుపుకుంటే "అయ్యో, చెరిపేశావా" అని మళ్లీ పెడతాం. అలా పెరిగిన పిల్ల చుక్కను ఎందుకు తుడుచుకోవాలి?

కొలబద్ద:
బొట్టు నుదుట పెడతారు, దిష్టిచుక్క బుగ్గన. ముక్కు మీద ఎవరూ పెట్టరు. ఆ అలవాటు ముక్కుకు వర్తించదు.

ఉగ్గుగిన్నె:
2011లో వచ్చిన పరిశోధన చూడండి. కెన్యాలో 18 నుంచి 72 నెలల పిల్లలు 82 మందికి ఈ పరీక్ష పెడితే నెగ్గింది ఇద్దరు. మిగతావాళ్లలో చాలామంది అద్దంలోకి చూస్తూ బిగుసుకుపోయి నిలబడ్డారు. ఆరేళ్ల పిల్లకు తానెవరో తెలీదంటారా?

కొలబద్ద:
కెన్యా సంగతి ఒప్పుకుంటాను. ముక్కు సంగతి ఒప్పుకోను.

ఒక్కమాట:
ఆవిడ అడిగింది పడక గురించి. మీరిద్దరూ ముక్కు దగ్గరే ఆగిపోయారు.

కూనలమ్మ:
బొమ్మ లాక్కుంటే ఇంట్లో "నాది", క్రెష్‌లో కన్నడంలో "నందు" అంటుందా? రెండు భాషల్లోనూ హక్కు అడిగే పిల్లకు అద్దం ఎందుకండీ.

తువ్వాలు:
అద్దం లేని పరీక్ష ఒకటుంది, 2007లో వచ్చింది. చిన్న తోపుడుబండికి వెనక రగ్గు కడతారు. బిడ్డ ఆ రగ్గు మీద నిలబడే బండిని తోస్తుంది. అది కదలదు. తన ఒళ్లే అడ్డమని తెలిసిన బిడ్డ దిగి, పక్కనుంచి తోస్తుంది. తెలియని బిడ్డ ఇంకా గట్టిగా తోసి ఏడుస్తుంది.

కొలబద్ద:
పడకే కావాలంటే చెబుతాను. 1975లో మానసిక విశ్లేషకురాలు మార్గరెట్ మాలర్ బృందం రాసింది: 2వ నెల నుంచి 5వ నెల దాకా బిడ్డకు తల్లీ తానూ ఒకటే, ఆ తర్వాతే గుడ్డు పగిలి బయటికొచ్చినట్టు వేరుపడుతుంది. మన ఇళ్లలో ఆ గుడ్డును పగలనివ్వరు. విడదీయనిదే విడిపోదు.

ఉగ్గుగిన్నె:
ఇదీ మీ అసలు మాట! ఇంతసేపూ ముక్కు వెనక దాచారు. ఏం జరిగినా చివరికి తల్లిదే తప్పు.

1997లో పరిశోధకులు రోషా, హెస్పోస్ చూసింది పుట్టిన 24 గంటల్లోపు పిల్లల్ని. బుగ్గకు వేరేవాళ్ల వేలు తగిలితే చనుమొన కోసం వెతికినట్టు నోరు అటు తిప్పారు. తమ చెయ్యే తగిలితే అలా తిప్పడం మూడోవంతే. తన చెయ్యి తగిలినప్పుడు బుగ్గకూ తెలుస్తుంది, చేతికీ తెలుస్తుంది. అమ్మ వేలైతే బుగ్గకొక్కదానికే. ఆ తేడా మొదటిరోజే పట్టుకున్న బిడ్డకు వేరే గది ఏం నేర్పుతుంది? పక్కలో పడుకున్న బిడ్డకు రాత్రంతా ఆ రెండు రకాల స్పర్శలూ దొరుకుతాయి. మాలర్ చెప్పిన "ఒకటే" అన్న దశ లేనే లేదని మనోవైద్యుడు డేనియల్ స్టెర్న్ 1985లోనే వాదించాడు.

కొలబద్ద:
తల్లిని అనలేదండీ. గది మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. నా బాధ వేరే. ఏడుపు మొదలవకముందే పాలు, నోరు తెరవకముందే ముద్ద. తనకు ఆకలేసిందని బిడ్డకు తెలిసే వ్యవధి ఇవ్వడం లేదు.

ఉగ్గుగిన్నె:
అది మొదటే అనుంటే ఇంత రాసేదాన్ని కాదు. ఆ వ్యవధి పక్కన కూర్చునే ఇవ్వచ్చు. ముద్ద కలిపి చేతిలో పట్టుకుని, బిడ్డ చెయ్యి చాచేదాకా ఆగితే చాలు.

కొలబద్ద:
సరే. ముక్కు మాత్రం ముక్కే.

నిద్రగన్నేరు:
పడక మార్చను. తువ్వాలు గారూ, ఆ బండి ఇంట్లో చేసుకోవచ్చా?

తువ్వాలు:
చేసుకోవచ్చు. రగ్గు లేనప్పుడు బిడ్డ సునాయాసంగా తోయగలగాలి, ముందు అది చూసుకోండి. రగ్గు అంచు చక్రాలకు తగలకుండా కట్టండి. చక్రం కింద ముడుచుకుపోతే బిడ్డ దిగినా బండి కదలదు, అప్పుడు ఆపింది బిడ్డ ఒళ్లో రగ్గో మీకే తెలియదు.