క్యూసీ ఉద్యోగం మానేసి టీచర్ అవ్వాలంటే బీఈడీ ఒక్కటే దారా?

నాగావళి గట్టు:
నమస్కారమండి. మాది శ్రీకాకుళం. డిగ్రీలో ఎంపీసీ, తర్వాత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో) తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. వయసు 33. సంక్రాంతి సెలవుల్లో మా మేనకోడలికీ దాని స్నేహితులకీ అరుగు మీద కూర్చోబెట్టి ఆమ్లాలు, క్షారాలు చెప్పాను. మందారపువ్వు రసంలో నిమ్మకాయ పిండితే ఎర్రబడింది, సబ్బునీళ్లు పోస్తే ఆకుపచ్చగా మారింది. నలుగురికి చెప్తే మర్నాడు పొద్దున్న ఏడింటికే పదకొండు మంది వచ్చి కూర్చున్నారు! అప్పట్నుంచి మనసు ల్యాబ్‌లో లేదు.

టెక్సాస్‌లో మా వదిన డిగ్రీతోనే సబ్జెక్టు పరీక్ష పాసై, ఏడాది ఇంటర్న్ సర్టిఫికెట్ మీద జీతం తీసుకుంటూ పాఠాలు చెప్తోంది. శిక్షణ పక్కనే నడుస్తోందట. మనకి అలాంటిదేమైనా ఉందా? ఇక్కడ ఒక బీఈడీ ఏజెంటు, "ఫీజు కట్టండి, కాలేజీకి రానక్కర్లేదు, ఉద్యోగం చేసుకోండి" అంటున్నాడు. అమ్మేమో "ఉన్న ఉద్యోగం ఒగ్గేసి మళ్లీ బడికెల్తావేటి" అని ఒకటే గొడవ.

బొబ్బిలి మాస్టారు:
అలాంటిది లేదమ్మా. ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీఈడీ, తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, ఆపైన డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష. ఎంపికలో డీఎస్సీ మార్కులకి 80 శాతం, టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ. టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) మాట మర్చిపో, బీఈడీతో అది కుదరదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నీది స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచరు దారి. ఎమ్మెస్సీ ఉంది కాబట్టి పీజీటీ (ఇంటర్ తరగతుల టీచరు) కూడా చూసుకో.

ఏజెంటు మాట మాత్రం వినకు. నేనూ ఆరేళ్లు మెడికల్ రెప్‌గా తిరిగి వచ్చినవాణ్ణే. డాక్టర్ల దగ్గర గడగడా మాట్లాడినవాణ్ణి, ఎనిమిదో తరగతిలో పీడనం పాఠం పన్నెండు నిమిషాల్లో అవగొట్టేశాను. పీరియడ్‌లో మిగతా సమయమంతా చాక్‌పీసు పట్టుకుని చెమటలు. వెనక బెంచీలో ఒకడు, "సార్, అర్థం కాలేదు, అయినా పర్లేదు" అన్నాడు. బీఈడీలో 16 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. నాకు పాఠం చెప్పడం వచ్చింది అక్కడే. అది ఎగ్గొట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ చెమటలు ఉద్యోగంలో చేరాక పడతాయి.

ఉద్దానం కొబ్బరి:
డబ్బు సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. 2018 తర్వాత డీఎస్సీ మళ్లీ 2025లోనే జరిగింది, 16,347 పోస్టులు. తర్వాతిది ఎప్పుడో నమ్మకం లేదు. వయసు గురించి టెన్షన్ వద్దు, 2025లో ఓసీలకే 44 ఏళ్ల దాకా ఇచ్చారు. కానీ రెండేళ్లు జీతం లేకుండా, ఆపైన ప్రైవేటు బడి జీతంతో నెట్టుకురాగలరేమో లెక్క వేసుకోండి. ఇగ్నో దూరవిద్య బీఈడీ అంటే ఇప్పటికే టీచర్ శిక్షణ పొందినవాళ్లకే, మీకు రాదు. పీజీ వాళ్లకి ఏడాది బీఈడీ అని టీచర్ శిక్షణకి నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ 2025లో ముసాయిదా పెట్టింది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

నాగావళి గట్టు:
మాస్టారూ, ఆ వెనక బెంచీ వాడు రాత్రంతా గుర్తొచ్చాడు. ఏడాది ఉద్యోగం చేసి కొంత వెనకేసుకుంటాను, ఆదివారాలు మా అరుగు మీద క్లాసు ఎలాగూ ఉంది. వచ్చే ఏడాది ఎడ్‌సెట్. ఏజెంటు నంబరు బ్లాక్ చేశాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.